గడ్డిమోపుల్లో వచ్చిన తుపాకులు

ఆ ఇంట్లో రేడియోను వంటింట్లోకి మార్పించింది నేనే. అంతకుముందు అది హాల్లో అద్దాల బీరువా పక్కన దర్జాగా ఉండేది. ఇరాక్ సిపాయిలు వచ్చి మా వీధి చివర మకాం పెట్టాక, హాల్లో ఏం వాగినా బయటికి వినపడుతుందని మామాకు భయం పట్టుకుంది. మామా అంటే మా ఇంటి యజమానురాలు. కువైట్ ఇళ్లల్లో పనిచేసే మేమంతా ఇంటావిడను అలాగే పిలుస్తాం. వంటింట్లో పొగ లాగే ఫ్యాను ఒకటుండేది. అది తిరిగితే పక్క మనిషి మాటే సరిగా వినపడదు. "ఇక్కడ పెట్టుకోండి, ఫ్యాను వేస్తాను" అన్నాను. అప్పటినుంచి బయటి దేశాల వార్తలు వినాలంటే ఎంతటివాళ్లయినా నా పొయ్యి పక్కన నిలబడాల్సిందే.

నేనూ మా ఆయనా ఒకే కఫీల్ దగ్గర పనిచేసేవాళ్లం. వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమానిని అక్కడ కఫీల్ అంటారు. మాది కడప వైపు. ఆయన నా మేనత్త కొడుకు. పెళ్లికి ముందూ బావే, పెళ్లయ్యాకా బావే. కూతుర్ని మా అమ్మ దగ్గర వదిలి ఇద్దరం ఎడారి పట్టాం. నేను కువైట్ ఊళ్లో వాళ్ల ఇంట్లో వంటకూ పిల్లలకూ, ఆయన ఊరికి పడమట కబ్ద్‌లో వాళ్ల తోటకు. తోట అని పేరేగాని అదంతా ఇసుకే. కాసిని గొర్రెలు, కోళ్లు, నాలుగు ఖర్జూరపు చెట్లు, ఒక బోరు మోటారు. శుక్రవారం వస్తే గుడ్లూ పాలూ తీసుకుని వచ్చేవాడు. వంటింటి గడప మీద కూర్చుని రాగిసంగటి దొరకని దేశం కూడా ఒక దేశమేనా అని సణిగేవాడు.

కఫీల్ ఎండలు తప్పించుకుందామని విదేశం పోయి, యుద్ధం మొదలవడంతో అక్కడే చిక్కుకుపోయాడు. ఇంట్లో మామా, ఆమె పిల్లలు మిగిలారు. ఆమె తమ్ముడు మాత్రం వస్తూ పోతూ ఉండేవాడు. చదువుకున్నవాడు, నవ్వుమొహం వాడు. నన్ను ఎప్పుడూ పనిమనిషిలా చూడలేదు, అక్కా అన్నట్టే మాట్లాడేవాడు. అందుకే అతని మీద నాకు ఈనాటికీ పూర్తిగా కోపం రాదు, పూర్తిగా పోదు కూడా.

ఒక శుక్రవారం మా ఆయన వచ్చి, పాల క్యాను దించకుండానే నా చెవిలో ఊదాడు. "మే, గొర్లకు వచ్చే గడ్డిమోపుల్లో తుపాకులు వస్తాండాయి."

దక్షిణం సరిహద్దు అవతలనుంచి ఎడారి దారులు తెలిసినవాళ్లు వాటిని దాటిస్తున్నారట. గడ్డిమోపు నడుమ పెట్టి, చుట్టూ తాడు బిగించి, లారీలో వేసి తోటకు చేరుస్తున్నారు. అక్కడ రెండు మూడు రోజులుంచి మామా తమ్ముడు వాటిని సబ్హాన్‌లో ఉన్న తన గోడౌనుకు తీసుకుపోతాడు. అక్కడినుంచి ఎవరి చేతికి పోతాయో మా ఆయనకు తెలియదు, అడగడు కూడా.

"ఎవురింట్లో అయినా తుపాకి దొరికితే ఇల్లు తగలబెట్టి మనిషిని కాల్చేస్తాండారంట. నీకెందుకు బావా ఇది? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అన్నాను.

"నేనేం జేస్తాండాను? మోపు దించమన్నారు, దించినా. దాంట్లో ఏముండాదో చూసేది నా పనా?"

"చూసినావు గదా మరి."

"గడ్డి పీకితే కనపడింది. గొర్లకు ఎయ్యొద్దా?"

ఈ పిచ్చిమారాజుతో వాదించడం గోడకు తల కొట్టుకోవడమే. తోట వదిలి వచ్చెయ్యమంటే నోరులేని జీవాలను నీళ్లు లేకుండా ఎట్లా వదలాలంటాడు. అప్పటికే మన దేశం వాళ్లు వేలకొద్దీ వెళ్లిపోతున్నారు. ఒక బడి దగ్గర పేర్లు రాయించుకుంటే బస్సులో బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ దాకా పంపి, అక్కడ విమానం ఎక్కిస్తున్నారు. మా పాస్‌పోర్టులు కఫీల్ ఆఫీసులో, ఆ ఆఫీసు సిపాయిల చేతిలో. అయినా ఫరవాలేదు, తెల్లకాగితం మీద రాసిచ్చి పంపుతారన్నారు. నేను పోయి ఇద్దరి పేర్లూ రాయించి వచ్చాను. దసరా వెళ్లిన వారంలో మా బస్సు. ఆ వారం దాకా ఆ మనిషి క్షేమంగా ఉంటే చాలు. అప్పట్లో నేను దేవుణ్ణి అడిగింది అదొక్కటే.

దసరా ముందురోజు మధ్యాహ్నం నేను బియ్యం కడుగుతున్నాను. మామా, ఆమె తమ్ముడు రేడియోకు చెరోపక్క నిలబడి ఉన్నారు. పరాయి దేశంలోనుంచి వచ్చే అరబీ వార్తలు. ఫ్యాను చప్పుడులో చెవి ఆనిస్తే తప్ప వినపడదు. నా వంటింటి అరబీకి ముక్కలు ముక్కలుగా అందుతూ ఉంది. కువైట్ వీరులు, ఆయుధాలు, సరిహద్దు. ఆ తర్వాత వచ్చిన మాట విని నా చేతిలో గిన్నె ఆగిపోయింది. పశువుల మేతలో దాచి, ఊరికి పడమట ఉన్న తోటలగుండా ఆయుధాలు చేరుతున్నాయని ఆ రేడియో మనిషి ఎంతో సంబరంగా చెప్పాడు. పెళ్లివారి రాక చెప్పినట్టు చెప్పాడు.

మామా తమ్ముడు చిన్నగా చప్పట్లు కొట్టాడు. మామా అతని వైపు తిరిగింది.

"ఇది వాళ్లకు ఎలా తెలిసింది?"

"సరిహద్దు దాటి పోయిన మా మనిషి చెప్పి ఉంటాడు. చెప్పమని నేనే పంపాను."

"గడ్డి సంగతి కూడానా? తోటల సంగతి కూడానా?"

"ఊరి పేరు చెప్పలేదు కదా. మన గురించి లోకం ఏమనుకుంటూ ఉందో తెలుసా? పొద్దున లేచేసరికి దేశం పోయింది, వీళ్లు మాత్రం లేవలేదు అనుకుంటూ ఉంది. మా చేతుల్లో తుపాకులున్నాయని తెలిస్తేనే మన వెనక ఎవరైనా వస్తారు. వార్త లేకపోతే తుపాకి ఉన్నా లేనట్టే."

"లోకం వింటుంది. చెక్‌పోస్టులో కూర్చున్నవాడు వినడా? వాడికీ ఇదే రేడియో కదా."

"వాడికి తెలియంది ఏముంది? ఎప్పటినుంచో తెలుసు, తుపాకులు ఎక్కణ్ణుంచో వస్తున్నాయని."

"ఎక్కణ్ణుంచో అని తెలియడం వేరు, గడ్డిలోనుంచి అని తెలియడం వేరు."

అలా చాలాసేపు వాదించుకున్నారు. పరాయి రేడియోలు తుపాకుల గురించి చెప్పాలా వద్దా, చెప్తే ఎంతవరకు చెప్పాలి, చెప్పకపోతే జనం ధైర్యం ఏమవుతుంది. ఇద్దరి మాటా నాకు నిజమే అనిపించింది. తమ్ముడి మాట వింటే అవును కదా అనుకున్నాను, అక్క మాట వింటే అదీ అవును కదా అనుకున్నాను. అయితే వాళ్లిద్దరూ వంటింట్లో ఉన్నారు. గడ్డి దగ్గర ఉన్నది నా మొగుడు. ఆ సంగతి ఇద్దరిలో ఒక్కరికీ ఆ పూట గుర్తు రాలేదు. నాకు వచ్చిన కోపానికి బియ్యమంతా సింకులో కుమ్మరించెయ్యాలనిపించింది. కానీ బియ్యం దొరకని రోజులు. మళ్లీ కడుక్కున్నాను.

"మామా, మా ఆయన" అన్నాను.

అప్పుడు నా మొహం చూసింది. రేపు తోటకు పోదాం అంది.

మర్నాడు పొద్దున్నే పాత కారులో బయల్దేరాం. కొత్త కార్లన్నీ సిపాయిలు ఎత్తుకుపోయారు. మామా నడిపింది. వెనక సీట్లో పిల్లల్ని ఒళ్లో వేసుకుని నేను. ఆడవాళ్లూ పిల్లలూ ఉంటే అంతగా వెతకరని అందరూ అలాగే చేసేవాళ్లు. షువైఖ్ దాటాక ఒక చెక్‌పోస్టులో ఆపారు. చిన్న వయసు సిపాయి, గడ్డం పెరిగిపోయి ఉంది. తినడానికి ఏమైనా ఉందా అని అడిగాడు. ఒక రొట్టె ఇచ్చాను. వాడు కూర్చునే ఇసుక మూటల మీద చిన్న ట్రాన్సిస్టర్ మోగుతూ ఉంది. ఆ గొంతు నేను పోల్చాను. నిన్న మా వంటింట్లో విన్న గొంతే. మామా కూడా పోల్చిందని ఆమె స్టీరింగు పట్టుకున్న తీరు చూస్తే తెలిసింది.

తోటకు పోయేసరికి అక్కడ పండగ జరుగుతూ ఉంది.

మా వైపు దసరాకు ఆయుధపూజ చెయ్యకుండా ఎవరూ ఉండరు. పనిముట్టు ఏదైనా సరే, ఆ పూట కడిగి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాల్సిందే. కుట్టుమిషనుకు పెడతాం, ఎద్దులబండికి పెడతాం, బస్సు డ్రైవరు స్టీరింగుకు పెడతాడు. మా ఆయన ఆ ఎడారిలో ఒక్కడే పొద్దున్నే లేచి తలకు పోసుకుని, మోటారుకు బొట్టు పెట్టాడు. పారకు, గడ్డి కోసే కొడవలికి, గొర్రెల బొచ్చు కత్తిరించే కత్తెరకు పెట్టాడు. నీళ్ల ట్యాంకరు నాలుగు చక్రాలకూ పెట్టాడు. నిమ్మకాయ దొరక్క ఉల్లిపాయ కోసి దిష్టి తీశాడు. అన్నిటినీ వరసగా ఒక గోనెపట్టా మీద పెట్టి అగరొత్తి వెలిగించాడు. ఆ వరసలో, పారకూ కొడవలికీ నడుమ, తుపాకులు కూడా ఉన్నాయి. కర్ర పిడుల మీద పసుపు, నడిమధ్యన ఎర్రటి కుంకుమ బొట్లు.

మామా కారు దిగి అలాగే నిలబడిపోయింది. నేను మాత్రం ఊరుకోలేదు.

"నీకేమన్నా మతి ఉండాదా బావా? తుపాకులు బయట పెట్టుకొని కూచుంటివే!"

"అరవద్దు మే, పండగ పూట. పూజ అయితానే మళ్లా మోపుల్లో పెడతా."

"వాటికి బొట్టు ఎవురు పెట్టమనిరి నిన్ను?"

"ఆయుధపూజ గదా. పారకు పెట్టి, కొడవలికి పెట్టి, ఇంట్లో ఉండే అసలు ఆయుధానికి పెట్టకపోతే తప్పు గాదా? అమ్మవారికి కోపం రాదా?"

ఇది ఇంకెవరి బుద్ధికైనా తడుతుందా అని ఇప్పటికీ అనుకుంటాను. ఎవరి తుపాకులో, ఎందుకు వచ్చాయో, రేపు ఎవరిని కాలుస్తాయో ఆయనకు అక్కర్లేదు. ఇంట్లో ఇనుము ఉంది, ఆ రోజు దసరా, అంతే. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ముందు నవ్వే వచ్చింది.

తర్వాత కూర్చుని తుపాకులను పైట చెంగుతో తుడిచాను. తడిగుడ్డతో తుడిచాను, ఇసుకతో తోమాను. పైకి కనపడేదంతా పోయింది. కానీ పసుపులో కాస్త నూనె కలిపాడు, అతుక్కుంటుందని. కర్రపిడికి పాత గీతలు చాలా ఉన్నాయి. ఆ గీతల్లోకి దిగిన రంగు ఎంత తోమినా రాలేదు.

"ఇంక చాలు, వచ్చెయ్. ఇప్పుడే మాతో కారెక్కు" అన్నాను. రేడియోలో ఏం చెప్పారో చెప్పాను. ఆయన మొహంలో మొదటిసారి భయం చూశాను.

మామా దగ్గరికి వచ్చింది. మా ఆయనతో మెల్లగా, అడుక్కున్నట్టు మాట్లాడింది. రేపు పొద్దున తమ్ముడు వచ్చి తుపాకులన్నీ తీసుకుపోతాడు, అంతవరకు ఎవరూ లేకపోతే ఎలా, లారీ మనుషులకు నీ మొహం తప్ప ఇంకొకరు తెలియదు, ఈ ఒక్క వారం ఉండు, శుక్రవారం నేనే నిన్ను తీసుకొచ్చి ఇద్దర్నీ బస్సు దగ్గర దింపుతాను అంది. ఒక్క వారమే అని వేలు చూపించింది. ఆమె చెడ్డది కాదు. నాకు జ్వరం వస్తే తన మంచం మీద పడుకోబెట్టిన మనిషి. అలాంటి మనిషి అడిగితే మా ఆయన కాదనలేడని నాకు తెలుసు. నేను ఆయన కళ్లలోకి చూసి వద్దని తల ఊపాను. ఆయన నా వైపు చూడకుండా సరే మామా అన్నాడు.

మర్నాడు మామా తమ్ముడు తుపాకులు తీసుకుపోయాడు. బొట్ల సంగతి విని నవ్వాడట. దేవుడు ఒక్కడే కదా, ఎవరి దీవెన అయితేనేం అన్నాడట. ఆ మాట మామా నాకు చెప్పి, చూశావా ఏమీ కాలేదు, నీదంతా భయం అంది. నేనూ ఊపిరి పీల్చుకున్నాను. బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టాను.

బుధవారం మిట్టమధ్యాహ్నం తమ్ముడు వెనక గోడ దూకి వంటింట్లోకి వచ్చాడు. ఆయాసపడుతున్నాడు. సిపాయిలు సబ్హాన్‌లో గోడౌన్లన్నీ వెతికారు. అతని గోడౌన్లో మనుషులెవరూ లేరుగానీ ఒక తుపాకి దొరికింది. మిగతావి అప్పటికే వెళ్లిపోయాయి, అదొక్కటి మూటల కింద మిగిలిపోయిందట.

"దాని మీద రంగుండాదా?" అన్నాను. తొందరలో తెలుగులో అన్నాను. మళ్లీ అరబీలో అడిగాను.

నన్ను తోటకు తీసుకుపోండి అన్నాను. పడమటి దారులన్నీ మూసేశారన్నాడు. అయితే కారు ఇవ్వండి, ఎవరైనా నడిపేవాణ్ణి చూసుకుంటాను అన్నాను. కారు బయటికి తీస్తే ఇంటికి వస్తారంది మామా, పిల్లలున్నారంది. నేను చెప్పులేసుకుని నడుచుకుంటూ బయటికి పోయాను. కబ్ద్‌కు నడిచి పోలేమని తెలుసు. అయినా నడిచాను. పెద్దరోడ్డు కూడలి దగ్గర సిపాయి ఆపాడు. ఇంటికి పో అన్నాడు. నా మొగుడు అని చెప్పబోయాను. తుపాకి ఎత్తి ఇంటి దారి చూపించాడు. వెనక్కి వచ్చాను. ఆ రోజు నేను చెయ్యగలిగింది అంతే. ఒక మనిషికి ఫలానా చోట ప్రమాదం ఉందని తెలిసి, ఆ మనిషికి ఆ ముక్క చేరవెయ్యలేకపోవడమంటే ఏమిటో ఆ మధ్యాహ్నం నాకు తెలిసింది. రేడియోకు సముద్రాలు దాటి చెప్పడం వచ్చు, నాకు కబ్ద్ దాకా చెప్పడం రాలేదు.

ఆయన్ని గురువారం పొద్దున పట్టుకుపోయారు. పక్క తోటలో పనిచేసే నిజామాబాద్ మనిషి ఎలాగో ఊళ్లోకి వచ్చి చెప్పాడు. తువ్వాలతో కళ్లు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"గడ్డి మొత్తం కత్తుల్తోని పొడిచిండ్రక్కా. ఏం దొర్కలే. ఇగ పోతరేమో అనుకున్నం. గంతల ఒగడు మోటారు కాడికి వొయ్యి, బొట్టు జూసి అందర్ని పిల్సిండు. గంతే, అన్నను జీపుల ఏసుకున్నరు."

మామా నాతో స్టేషనుకు వచ్చింది. అది ఒకప్పుడు కువైట్ పోలీసులదే, అప్పుడు ఇరాక్ సిపాయిలది. ఒక ఆఫీసరు కూర్చోమన్నాడు. నడివయసు మనిషి, మర్యాదగానే మాట్లాడాడు. బల్ల మీద తుపాకి పెట్టి, పిడి మీది గీత దగ్గర వేలు పెట్టి చూపించాడు. ఎర్రగా, సన్నగా, ఇంకా ఉంది.

"బస్రాలో ఇండియా దుకాణాల గడపల మీద నేనిది చూశాను. మీ మనిషి మోటారు మీదా ఇదే ఉంది" అన్నాడు.

మామా వాదించింది. నా తరపున ఎవరైనా అంతగా మాట్లాడటం నేను చూడలేదు. "వీళ్లు దీన్ని అన్నిటికీ పెడతారు. చీపురుకు పెడతారు, కారు చక్రానికి పెడతారు. మా ఇంట్లో బట్టలుతికే మిషనుకు ఈమె పెట్టింది, నా కళ్లతో చూశాను. అది వాళ్ల పండగ. తుపాకి అని పెట్టలేదు, ఇనుము కాబట్టి పెట్టాడు. వాడికి దాన్ని ఎలా పట్టుకోవాలో కూడా తెలియదు."

ఆఫీసరు చివరిదాకా విన్నాడు. "నమ్ముతున్నాను. అంటే పండగ నాడు ఈ తుపాకి వాడి ముందర ఉంది" అన్నాడు.

మామా చెప్పిన ప్రతిమాటా నిజం. ఆ నిజంతోనే ఆయన మెడకు ఉరి బిగిసింది.

అప్పుడతను నా వైపు తిరిగాడు. "వీటిని తెచ్చింది ఎవరు? నీ మొగుడు చెప్పడం లేదు. గడ్డి లారీలో వస్తుంది, లారీ ఎడారిలోనుంచి వస్తుంది అంటున్నాడు. నువ్వు చెప్తే వాడి సంగతి ఆలోచిస్తాను."

నాకు తెలుసు. ఆ పేరు నా నాలుక చివర ఉంది. మామాకూ తెలుసు నాకు తెలుసని. ఆమె నా వైపు చూడలేదు, నేల వైపు చూసింది. మింగమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. చెప్తే ఆ తమ్ముడు పోతాడు, ఇల్లు తగలబడుతుంది, నా చేత్తో అన్నం పెట్టిన పిల్లలు ఆ ఇంట్లోనే ఉన్నారు. ఇంత జరిగాక మా ఆయన్ని వదులుతారని నమ్మకమూ లేదు. పైగా దెబ్బలు తింటూ ఆయనే చెప్పని పేరు నేను ఎలా చెప్పాలి? తెలియదన్నాను. ఆఫీసరు ఇంకోసారి అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో నాకు ఈనాటికీ తెలియదు.

బయటికి వస్తుంటే ఆవరణలో గోడ వెంబడి కూర్చోబెట్టిన మనుషుల్లో ఆయన కనపడ్డాడు. ఒక కన్ను వాచిపోయింది. చేతులు వెనక్కి కట్టేసి ఉన్నాయి. కాపలా సిపాయి మామా ముఖం చూసి ఒక్క నిమిషం ఊరుకున్నాడు.

"బావా" అన్నాను.

"మోటారు ఆపినారా మే? ట్యాంకు పొంగిపోతాంటాది."

"ఆపినాం."

"గొర్లకు నీళ్లు?"

"పెట్టినాం."

రెండూ అబద్ధాలే. తోటకు ఎవరు పోయారని? ఆయన తల ఊపాడు. "నువ్వు బస్సు ఎక్కి పో. పాప కాడికి పో. నేను ఎనకాల బస్సులో వస్తా."

సిపాయి ఇక చాలన్నాడు. నేను ఆయన్ని ముట్టుకోలేదు. ముట్టుకుంటే కొడతారేమోనని, నన్ను కాదు, ఆయన్ని.

మర్నాడు పోతే అక్కడ లేరు. బస్రాకు పంపామన్నారు.

బస్సు వచ్చిన రోజు బడి దగ్గరికి పోయాను, ఎక్కడానికి కాదు, ఎవరైనా ఏమైనా చెప్తారేమోనని. అక్కడ మనవాళ్లు మా సంగతే మాట్లాడుకుంటున్నారు. తప్పంతా రేడియోదే అని ఒకరు. రేడియో తన పని తాను చేసింది, అమాయకుల చేత తుపాకులు మోయించినవాళ్లది తప్పు అని ఇంకొకరు. ఎవరిదో గొడవ, వాటిని ముట్టుకోవడమెందుకు, ముట్టుకుని బొట్టు పెట్టడమెందుకు అని మూడోవారు. తలా ఒక తీర్పు. ఆంబోతులు పోట్లాడుకుంటే లేగల కాళ్లు విరిగినట్టు అని ఒక పెద్దామె నా వీపు నిమిరింది. ఆ స్టేషను దాకా నాతో ఒకరు రండి అంటే మాత్రం అందరూ బస్సు వైపు చూశారు. వాళ్లనూ ఏమనలేను. వాళ్ల ఇళ్ల దగ్గరా పిల్లలున్నారు. బస్సు పోయింది. నేను పోలేదు. నేను పోయాక ఆయన వస్తే తలుపెవరు తీస్తారు?

ఆయన రాలేదు. యుద్ధం అయిపోయింది, సిపాయిలు పారిపోయారు, నూనె బావులు తగలబడి పట్టపగలు చీకటి పడింది. బందీలను బస్సుల్లో తెచ్చి దించుతుంటే ప్రతి బస్సు దగ్గరా నిలబడ్డాను. దిగినవాళ్లందరికీ మా పెళ్లినాటి ఫోటో చూపించాను. ఒకాయన చూసినట్టే ఉంది అన్నాడు. మళ్లీ చూసి, కాదేమో అన్నాడు. గాజులు తియ్యమని ఎవరూ అనలేదు, ఉంచుకొమ్మనీ అనలేదు. నేనే ఉంచుకున్నాను.

ఆ వసంతంలో ఊరంతా తుపాకులే. సిపాయిలు పారేసి పోయినవి, ఊరివాళ్లు దాచుకున్నవి. సంతోషం వచ్చినా గాలిలోకి కాల్చేవాళ్లు. తుపాకులు అప్పగించాలా వద్దా అని మళ్లీ వాదనలు. మామా తమ్ముడిప్పుడు వీరుడు. చూడటానికి ఎవరెవరో వచ్చేవాళ్లు. ఒకరోజు పరాయి దేశం టీవీ వాళ్లు కెమెరాలతో దిగారు. హాల్లో సోఫాలు పక్కకు జరిపి, తివాచీ మీద తుపాకులు వరసగా పేర్చారు. ఏది ఏ దేశంలో తయారైందో, ఎంత దూరం కాలుస్తుందో, సరిహద్దు ఎలా దాటిందో తమ్ముడు ఒక్కొక్కటే ఎత్తి చెప్తుంటే కెమెరా వాటి మీద మెల్లగా పాకింది. నేను అందరికీ చాయ్ ఇచ్చాను.

చాయ్ ఇచ్చి లోపలికి పోయి ఫోటో తెచ్చుకున్నాను. టీవీలో ఒక్కసారి కనపడితే చాలు, బస్రాలోనో బాగ్దాద్‌లోనో ఎవరైనా గుర్తుపట్టకపోతారా అని నా ఆశ. వాళ్లతో వచ్చిన అరబీ తెలిసిన పిల్లవాడికి చెప్పాను. ఇవన్నీ మా ఆయన కాపలాలో ఉన్నవే, ఆయన్ని పట్టుకుపోయారు, ఈ మొహం ఒక్క క్షణం చూపించమనండి అన్నాను. వాడు పోయి చెప్పాడు. మామా కూడా చూపించండి అంది. టీవీ పెద్దమనిషి నా వైపు చూసి జాలిగా తల ఊపాడు. అలాగే అన్నాడనుకుని నేను ఫోటోను రెండు చేతులా పట్టుకుని తివాచీ అంచున నిలబడ్డాను. దీపాలు కళ్లలో పడి ఏమీ కనపడలేదు. కెమెరా నా దగ్గరికి వస్తుందని చూస్తున్నాను.

కెమెరా వెనకనుంచి చెయ్యి ఊపుతూ ఏదో అన్నారు. ఆ పిల్లవాడు నాకు చెప్పాడు, కొంచెం పక్కకు జరగమంటున్నారు, తుపాకులు కనపడటం లేదట అని.

జరిగాను.